కొంగ మీద మా నాయన

ఆ రోజుల్లో మా ఊళ్ళో అందరి దగ్గరా కావలసినంత ఉన్నది తీరిక ఒక్కటే. బంగారు గనులు మూతపడి పదేళ్ళు కావస్తోంది. షిఫ్టు సైరను లేదు. పొద్దున్నే బెంగళూరు రైలు కోసం పరుగెత్తే ఉద్యోగస్తులను మినహాయిస్తే, మిగిలినవాళ్ళు ఇంట్లో ఒక కొళాయి మార్చాలన్నా వారం రోజులు చర్చించేవారు. అలాంటి ఊళ్ళో, అందరికన్నా ఎక్కువ తీరిక ఉన్న మనిషికి కూతురిగా పుట్టి, నేనొక మోటారుసైకిలు కొనాలనుకున్నాను. ఇతరులు ఒక సాయంత్రం షోరూముకు వెళ్ళి తెచ్చుకునే వస్తువు మా ఇంటికి రావడానికి నాలుగు నెలలు పట్టింది. అప్పుడు పళ్ళు నూరుకున్నాను గాని, ఇప్పుడు తలుచుకుంటే ఇంకో నాలుగు నెలలు పట్టినా బాగుండేదనిపిస్తుంది.

నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. పట్టుపురుగులు పెంచే రైతుల ఇళ్ళకు తిరిగి సలహాలు చెప్పే ఉద్యోగం, ముళబాగిలు తాలూకాలో. (తాత్కాలిక ఉద్యోగమే, కానీ రైతులు నన్ను 'మేడమ్మా' అని పిలిచేవాళ్ళు కాబట్టి నాకు అది కలెక్టరు ఉద్యోగం కన్నా ఒక మెట్టు పైనే ఉండేది.) మా పిన్ని ఇచ్చిన చిన్న స్కూటరు ఒకటి ఉండేది. తారు రోడ్డు మీద బంగారుతల్లి. బైరకూరు పక్క బండిబాటల్లోకి దిగిందంటే మాత్రం రెండు గాడుల మధ్య మిట్ట మీద కడుపు ఆనించి, చక్రాలు గాల్లో తిప్పుతూ కూర్చునేది. ఆ వానాకాలంలో అది నన్ను మూడుసార్లు రాగి చేలోకి విసిరేసింది. మూడోసారి లేచినప్పుడు, ఇక మోటారుసైకిలే కొనాలని నిశ్చయించుకున్నాను.

సరిగ్గా అప్పుడే కోలారు షోరూములోకి కొత్త రకం బండి ఒకటి వచ్చింది. ఇంజను చిన్నదే గాని ఒళ్ళంతా కాళ్ళే. కొండదారుల కోసం చేసిన బండి అట. ముందు చక్రం పెద్దది, దాని మీద మడ్గార్డు చక్రానికి తగలకుండా జానెడు పైన ముక్కులా పొడుచుకుని వచ్చేది. కరపత్రంలో బొమ్మ చూసి మా అమ్మ, "ఇదేంది, కొంగ మాదిరి ఉండాది! ఎక్కేదానికి నిచ్చెన కూడా ఇస్తారా?" అంది. ఆ క్షణం నుంచి దాని పేరు కొంగ. నేను ఆ కొంగను ప్రేమించాను. ఇంతకన్నా మర్యాదైన మాట దొరకడం లేదు.

మా నాయన గనిలో స్టోర్సు గుమాస్తాగా పనిచేశాడు. గని మూశాక ఆయన స్టోర్సు మా వంటింట్లోకి వచ్చేసింది. ప్రతి డబ్బా మీద చీటీ, చీటీ మీద సరుకు పేరు, తెచ్చిన తేదీ. "ఉద్దిపప్పు ఎవరు తీసినారు? ఎంత తీసినారు?" అని అడిగితే అమ్మ గరిటె చూపించేది. వీధి చివరి పేపరు దుకాణం దాటి ఆయన వెళ్ళడం నేను చాలా ఏళ్ళుగా చూడలేదు. అలాంటి మనిషి నా బండి మాట వినగానే కుర్చీలోంచి లేచాడు.

"మూడు కొటేషన్లు లేకుండా మేము ఒక బోల్టు కూడా కొన్నింది లేదమ్మా. కంపారిటివ్ స్టేట్‌మెంట్ వెయ్యల్ల."

స్టేట్‌మెంట్ వేశాడు. పెద్ద తెల్లకాగితం మీద స్కేలు పెట్టి గీతలు గీశాడు. కొంగకు పోటీగా రెండు బండ్లు నిలబెట్టాడు. ఒకటి, పాలవాళ్ళు రెండు పక్కలా క్యాన్లు కట్టుకుని తిరిగే మామూలు చిన్న బండి. దానికి 'ఎద్దు' అని పేరు పెట్టాడు. రెండోది, వీధి మలుపులో ఉండగానే ఇంట్లో గిన్నెలు అదిరే పాతకాలపు బరువు బండి. అది 'నవాబు'. ప్రతిదానికీ పద్నాలుగు గడులు. మైలేజీ, బరువు, టైరు, సీటు, స్పేరు పార్టులు, చివరికి 'చీర కట్టుకుని ఎక్కవచ్చునా' అనే గడి కూడా ఉంది. (నేను జీవితంలో చీర కట్టింది రెండుసార్లు. అయినా గడి గడే అన్నాడు.)

షోరూములో టై కట్టుకున్న ఒక నడివయసు ఆయన ఉండేవాడు. మా నాయన ఇస్త్రీ చొక్కాతో, చేతిలో చెక్క స్కేలుతో వెళ్ళి, నమస్కారం చెప్పి, కొంగ కింద వెల్లకిలా పడుకున్నాడు.

"సార్, సార్! నేలకూ ఇంజనుకూ మధ్య ఎంత ఉండాదో కాగితంలోనే ఉండాది సార్!" అని టై ఆయన కంగారు పడ్డాడు.

"ఉండనీప్పా. మేము సరుకు చూసి రాసుకుంటాము," అని కింద నుంచి జవాబు వచ్చింది. కొలత సరిగ్గానే ఉంది. మా నాయన కాస్త నిరాశపడ్డట్టు కనిపించాడు.

తరువాత నన్ను ఎక్కమన్నారు. ఇక్కడొక సంగతి చెప్పాలి. మా నాయన ఆరడుగుల మనిషి, నేను అమ్మ పోలిక. కొంగ మీద కూర్చుంటే ఎడమ కాలి బొటనవేలు మాత్రం నేలను అలా పలకరించింది. కుడికాలు గాల్లోనే ఉండిపోయింది. మా నాయన కాగితం విప్పాడు. 'కాలు నేలకు అందునా' అనే గడిలో ఎర్ర సిరాతో 'అందదు' అని రాశాడు.

ఆ తరువాత మూడు నెలలకు పైగా ఆయన ఇంట్లో నిలిచింది లేదు. రాబర్ట్‌సన్‌పేట సందుల్లో నవాబు మీద పోతున్న వాళ్ళందరినీ ఆపి ప్రశ్నలు వేసేవాడు. ఒకాయన రోడ్డు మీదే ముప్పావు గంట తన వెన్నునొప్పి వివరించాడట. మా నాయన ఇంటికొచ్చి, 'నడుము: నొచ్చును' అని రాసుకున్నాడు. పాలవాళ్ళ దగ్గర ఎద్దు గురించి వాకబు చేశాడు. మొత్తానికి మార్కులు కూడితే ఎద్దు మొదట, నవాబు తరువాత, నా కొంగ అట్టడుగున నిలిచాయి.

"అయితే ఎద్దేనమ్మా. ఇంగ ఆర్డరు రాసేద్దాం," అన్నాడు సంతోషంగా.

ఆ మధ్యాహ్నమే స్కూటరు నన్ను నాలుగోసారి పడేసింది. మోచేయి మండుతోంది. "నేను కొనేది నా ఉద్యోగానికి నాయనా, నీ స్టోర్సుకు కాదు. నీ స్టోర్సు మూసి పదేళ్ళయింది," అనేశాను.

అన్న వెంటనే వెనక్కి తీసుకోవాలనిపించింది. మా నాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సొరుగులో వేశాడు. "అదీ నిజమే," అన్నాడు, అంతే. మరునాటి నుంచి మళ్ళీ కుర్చీలోనే. అమ్మ కొత్త పప్పు డబ్బాలో పోసి చీటీ లేకుండా ఆయన ఎదురుగానే పెట్టింది. చూసి ఊరుకున్నాడు. పది రోజులు అలాగే ఉన్నాడు. అమ్మ నాకు అన్నం పెట్టేది గాని మాట్లాడేది కాదు. క్షమించమని అడగడం మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. ఒక ఆదివారం పొద్దున ఆయన ముందు నిలబడి, "నాయనా, సైటులో ట్రయలు చూడకుండానే స్టోర్సువాళ్ళు సరుకు వద్దనేస్తారా?" అన్నాను. ఆయన నా మోచేతి కట్టు వంక చూశాడు. కాసేపటికి లేచి ఇస్త్రీ చొక్కా వెతుక్కున్నాడు.

టై ఆయనను బతిమాలి కొంగను తీయించాము. కోలారు బయట ఒక చుట్టు తిరిగి తెచ్చి ఇవ్వాలని ఒప్పందం. మా నాయన వెనక కూర్చున్నాడు. ('బరువుతో ట్రయలు' అని ఒక గడి ఖాళీగా ఉండిపోయింది.) అప్పుడే నా ఫోను మోగింది. బైరకూరు దగ్గర పురుగులు పెంచే ఒక పెద్దమ్మ.

"మేడమ్మా, రాత్రినుంచి పురుగులు ఆకు ముట్టడంలే. నాలుగో జ్వరం లేచి మూడు దినాలే అయింది. యాడున్నావు? వేగిరం రామ్మా." (పురుగు కుబుసం విడవడాన్ని మా పక్క జ్వరం అంటారు. నాలుగోది దాటితే ఇక గూడు కట్టడమే. అక్కడ పంట పోయిందంటే నెల కష్టమంతా పెంటలోకే.)

మా నాయనకు కూడా వినబడింది. "పా, పోదాం. సైటులోనే ట్రయలు," అన్నాడు.

"అంత దూరం డెమో బండి ఇచ్చేదానికి లేదు సార్!" అని టై ఆయన అరిచాడు. మేము అప్పటికే కదిలాము. ఆయన పాపం ఒక ఎద్దును తీసుకుని, టై భుజం మీదుగా ఎగురుతుండగా మా వెంటపడ్డాడు.

తారు రోడ్డు దిగాక అసలు కథ మొదలైంది. ముందురోజు వానకు దారి పొడుగునా బురద. స్కూటరు నన్ను విసిరిన చోట్లన్నీ ఒక్కొక్కటే వచ్చాయి, పోయాయి. కొంగ వాటి మీద అడుగులు వేసుకుంటూ వెళ్ళింది. వంకలో మోకాలి లోతు నీళ్ళు. నేను కళ్ళు మూసుకున్నంత పని చేశాను, మా నాయన "వదలద్దు, వదలద్దు" అంటూ నా భుజాలు నొక్కాడు, అవతలి గట్టు మీద తేలాము. వెనక్కి చూస్తే ఎద్దు నడి వంకలో ఆగిపోయి ఉంది. టై ఆయన బూట్లు చేత్తో పట్టుకుని మా వైపు చూస్తున్నాడు. వచ్చేటప్పుడు లాగుతామని సైగ చేశాము.

గర్వంతో పెద్దమ్మ ఇంటి ముందుకు వచ్చాను. బ్రేకు వేశాను. కొంగ ఆగింది. అప్పుడు గుర్తొచ్చింది, ఆగితే కాలు దించాలని. దించిన కాలికి నేల తగల్లేదు. బండి నింపాదిగా, ఏ తొందరా లేకుండా ఒక పక్కకు వాలింది. దానితో పాటు నేనూ, నాతో పాటు ఆరడుగుల మా నాయనా, పురుగులు తిని మిగిల్చిన ఆకుదిబ్బ మీద మెత్తగా పడ్డాము. పెద్దమ్మ "అయ్యో దేవుడా!" అంటూ పరుగెత్తుకొచ్చింది. మా నాయన పడుకున్నచోటి నుంచే, "పోయేదంతా బాగుండాది. ఆగేది సరిలేదు," అన్నాడు.

పురుగుల ఇంట్లోకి అడుగుపెట్టగానే సంగతి అర్థమైంది. చలిగాలి తగులుతుందని కిటికీలన్నీ గోనెపట్టాలతో మూసేశారు. దానికి తోడు వానకు తడిసిన మల్బరీ ఆకునే వేశారు. లోపల ఆవిరి. నేను పట్టాలు తీయమన్నాను, తడి ఆకు ఎత్తేయమన్నాను, తట్టల మీద సున్నం పొడి చల్లించాను, ఒక పూట మేత ఆపమన్నాను. పై కిటికీ నాకు అందలేదు. నేను అడగకముందే మా నాయన చెయ్యి చాచి పట్టా లాగేశాడు. మధ్యాహ్నం దాకా తట్టలు దించాడు, ఎక్కించాడు, సున్నం జల్లెడ పట్టాడు. చొక్కా రంగు మారిపోయింది. పొద్దు వాలే వేళకు ఆరిన ఆకు కొద్దిగా వేసి, అందరం ఊపిరి బిగబట్టి నిలబడ్డాము. మొదట ఏమీ లేదు. తరువాత మెల్లగా, సన్న చినుకు పడుతున్నట్టు, పురుగులు ఆకు కొరికే చప్పుడు మొదలైంది. పెద్దమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. (కింది తట్టలు కొన్ని పోయాయి. మిగతావన్నీ ఆ వారమే గూళ్ళు కట్టాయి.)

"మీ పాప చెప్పిందంటే మాకు డాక్టరు చెప్పినట్టే సామీ," అంది మా నాయనతో. ఆయన తలూపాడు. నా వైపు చూడలేదు. సున్నం చేతులతో కళ్ళజోడు తుడవబోయి ఇంకా పాడుచేసుకున్నాడు.

బయలుదేరేటప్పుడు బండి దగ్గర, "ఆ పొద్దు అట్ల అనకుండా ఉండాల్సింది నాయనా," అన్నాను. ఆయన వినిపించుకోనట్టే వెనక ఎక్కి, రెండు పాదాలూ నేలకు ఆనించి బండిని నిటారుగా నిలబెట్టాడు. "చూడు, నాకు అందుతాండాది. నువ్వు పోనియ్యి, ఆపేటప్పుడు ఒక మాట చెప్పు. కాళ్ళు నేను దించుతా," అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు, అప్పటిదాకా వంక గట్టున కాచుకున్న టై ఆయన ఎద్దును బయటికి లాగాము. ఆ వారమే కొంగ మా ఇంటికి వచ్చింది. సెలవు రోజు కాకపోతే చాలు, మా నాయన అన్నం క్యారియరు కట్టించుకుని నా వెనక ఎక్కేవాడు. "ఆపుతాండా!" అని నేను అరవడం, రెండు పొడుగాటి కాళ్ళు నా రెండు పక్కలా దిగడం. రైతులు మా రాకను చూడడానికే గుమ్మాల్లోకి వచ్చేవాళ్ళు. నేను పురుగులు చూస్తుంటే ఆయన ఊరుకోలేక గోడకు థర్మామీటరు తగిలించి, పక్కన కాగితం అంటించి, గీతలు గీసి, పూటపూటా వేడి ఎంతో రాయడం వాళ్ళకు నేర్పాడు. ఏడాది తిరిగేసరికి నా కన్నా ఆయనకే గిరాకీ పెరిగింది. సుగటూరు నుంచి ఒకరు, టేకల్ నుంచి ఒకరు బండ్లు వేసుకుని వచ్చి, "స్టోర్సు సార్ ఉండారా?" అని అడిగేవాళ్ళు.

ఒక పొద్దున నేను తయారై హారను కొట్టాను. అమ్మ బయటికి వచ్చి, "టేకల్ ఆయన వచ్చి మీ నాయనను పిలుచుకోని పోయినాడు. ఇయ్యాల నువ్వొక్కదానివే పోవల్లంట," అంది. చేసేది లేక కొంగను గేటుకు ఆనించి ఎక్కి, దారిలో ఎక్కడా ఆగకుండా తిన్నగా ఆండర్సన్‌పేటలో సీట్లు కుట్టే ఆయన దుకాణానికి వెళ్ళి, దాని గోడకు ఆనించి దిగాను. ఆయన సీటు విప్పి, లోపలి స్పాంజి రెండంగుళాలు కోసి, మళ్ళీ కుట్టేశాడు. గంట పని. ఎక్కి చూస్తే రెండు మునివేళ్ళూ నేలకు చక్కగా ఆనుతున్నాయి.

"ఈ పని మొదట్లోనే చేసుకోని ఉండొచ్చు కదమ్మా?" అన్నాడాయన.

చేసుకోవచ్చు. సీటు కోయించవచ్చని టై ఆయన నాకు బండి కొన్న మొదటి నెలలోనే చెప్పాడు. ఏడాది పాటు నేను ఆ మాట ఇంట్లో అనలేదు, అంతే. ఆ రోజు బైరకూరు దారిలో ఒంటరిగా వెళుతుంటే వీపుకు గాలి కొత్తగా తగిలింది. తండ్రి చెయ్యి వదిలి బడికి పోయిన పిల్లల గురించి చాలా విన్నాను. ఇక్కడ తండ్రే నన్ను వదిలి పనికి పోయాడు. కాస్త ఉక్రోషం వచ్చిన మాట నిజం. పెద్దమ్మ ఇంటి ముందు ఆగి, ఎవరి సాయం లేకుండా కాళ్ళు దించి, ఈ ఘనకార్యం ఎవరైనా చూశారా అని చుట్టూ చూసుకున్నాను కూడా. ఒక కోడి తప్ప ఎవరూ లేరు. ఆ బండి దిగిన పిల్ల ముఖం ఎలా ఉండిందో నాకిప్పటికీ తెలుసు. దాన్ని పిలిచి, అంత మూతి ముడుచుకోవద్దు, సాయంత్రం ఆయన నీకన్నా ముందే ఇల్లు చేరి, టేకల్ పురుగుల కబుర్లతో నిన్ను అన్నం తిననివ్వడు అని చెప్పాలనిపిస్తుంది. నిజంగా తిననివ్వలేదు.