మూడో గొర్రె క్లెయిమ్

నకిరేకల్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో కామర్స్ చెప్తాను. బీమా పాఠం వచ్చినప్పుడు క్లెయిమ్ అనే మాట బోర్డు మీద రాసి, నష్టపోయినవాడు ఒప్పందం ప్రకారం తనకు రావలసిన సొమ్ము అడగడం అని చెప్పి, గబగబా తర్వాతి మాటకు పోతాను. ఉదాహరణ చెప్పమంటే మోటారు సైకిల్ గుద్దుకున్న సంగతేదో చెప్తాను. గొర్రెల ఊసెత్తను. గొర్రెలమ్మిన డబ్బుతోనే చదువుకున్నాను, అయినా ఎత్తను.

మా ఊళ్లో ఆ మాటకు అర్థం ‘అడగడం’ కాదు, ‘డబ్బే’. వాన పడ్డదా అన్నట్టు, “క్లెయిమ్ పడ్డదా?” అంటారు. తెలంగాణ వచ్చాక సర్కారు సబ్సిడీ మీద గొర్రెలిచ్చినప్పుడు ఆ మాట గొర్రెలు కాసే మా కురుమల ఇళ్లలోకి వచ్చింది. బీమా చేసిన ప్రతి గొర్రె చెవికీ ఒక పచ్చ బిళ్ల వేశారు. గొర్రె చస్తే బిళ్లతో సహా చెవి చూపించాలి. పశువుల డాక్టరు వచ్చేదాకా కళేబరం ఆగదు గనక, మావాళ్లు చెవి కోసి ఉప్పులో దాచి, మిగతాది పాతిపెట్టేవారు.

బాపు పోయాక మందను మా అమ్మ ఒక్కతే చూసుకునేది. ఒక వానాకాలం గొర్రెలకు నీలినాలుక రోగం వచ్చింది. అమ్మ ఫోన్ చేస్తే ఆదివారం వెళ్లాను. అప్పటికి రెండు చచ్చాయి. మూడోది మూతి వాచి, నురగ కారుస్తూ దొడ్డిలో పడి ఉంది. సోమవారం నాకు కాలేజీ. కాగితాలు ఆ పూటే రాసిచ్చి పోవాలని నా తొందర. చచ్చినవాటి చెవులు కోసి, అదే కత్తి పట్టుకుని మూడోదాని దగ్గర కూర్చున్నాను.

“జర ఆగు బిడ్డా, దానికింకా పానమున్నది” అంది అమ్మ.

“గంటసేపట్ల పోతది. దీనికోసం నేను మల్ల సెలవు పెట్టాల్నా?” అని కసిరాను.

కోశాను. లేవలేనిదనుకున్న గొర్రె నాలుగు కాళ్లూ తన్నుకుంది. అమ్మ పసుపు తెచ్చి అద్దింది, నా వైపు చూడలేదు. నేను చేతులు కడుక్కుని కాగితంలో మూడు అని రాశాను. నా దస్తూరి బాగుంటుంది.

బుధవారం అమ్మ ఫోన్ చేసింది. “బిడ్డా, అది లేసింది. గడ్డి తిన్నది.” ఆ గొంతులో ఎంత సంతోషమో. నేను మాత్రం లెక్కలు వేసుకున్నాను. ఒంటి చెవి గొర్రె డాక్టరు కంటపడితే దొంగ లెక్క బయటపడుతుంది, మిగతా రెండింటి డబ్బులూ రావు, నా పరువూ పోతుంది.

“దాన్ని కటికాయనకు అమ్మెయ్యి. శనివారం డాక్టరు వచ్చేలోపల” అన్నాను.

“నువ్వు శనివారం రా” అని అమ్మ ఫోన్ పెట్టేసింది.

శనివారం వెళ్లేసరికి గొర్రెను ఇంటి ముందర, అందరికీ కనబడేటట్టు కట్టేసింది. తెగిన చోట పక్కు కట్టింది. నన్ను చూసి తాడు తెగేలా వెనక్కి గుంజుకుంది. అమ్మతో మాట్లాడబోతుండగానే డాక్టరు బండి దిగాడు, ఊళ్లోవాళ్లు నలుగురు వెంట వచ్చారు.

“సారూ, సచ్చినయి రెండే” అంది అమ్మ. “దీని చెవి నేనే కోసిన. సస్తదనుకున్న. సదువు రానిదాన్ని, తెల్వక చేసిన.”

డాక్టరుకు కోపం వచ్చింది. బతికున్న జీవం చెవి కోస్తావా, నీకు మనసెట్ల వచ్చింది, పైసలకు ఇంత ఆశనా అని అందరి ముందూ తిట్టాడు. అమ్మ తల వంచుకుని నిలబడింది. నేను చొక్కా టక్ చేసుకుని, చేతిలో కాలేజీ సంచితో, రెండడుగుల దూరంలో ఉన్నాను. నోరు తెరిస్తే చాలు. తెరవలేదు.

ఆయన కాగితంలో మూడు కొట్టేసి రెండు రాసి, సంతకం పెట్టి, నా వైపు తిరిగాడు.

“నువ్వన్నా చదువుకున్నోనివి గద. మీ అమ్మకు జర చెప్పుకోవద్దా?”

“చెప్తా సార్” అన్నాను.