బావ చొక్కా వాసన

టీవీలో ఒకసారి సైకిల్ పందెం చూశాను. ఎక్కడో దొరల దేశం. కొండవాలంతా ద్రాక్ష తోటలు, మధ్యలో నున్నటి తారు రోడ్డు, రంగురంగుల బనియన్లు వేసుకుని వంగి తొక్కుతున్న కుర్రాళ్లు. దాహమేస్తే సీసా అందించడానికి వెనకాల కారు కూడా వస్తోంది. నా మొహం చూసి మా ఆవిడ "ఏటంత నవ్వు?" అంది. ద్రాక్ష, కొండ, సైకిలు నాకూ ఒకసారి కలిశాయి. అది తలుచుకుంటే ముందు నవ్వే వస్తుంది. ఆ తర్వాత ఏం చెయ్యాలో తెలియక చేతులు ముడుచుకుని కూర్చుంటాను.

మా బావ, అంటే మా అక్క మొగుడు, పాస్టరు. ఆయన కూడా నన్ను బావా అనే పిలిచేవాడు. అనకాపల్లిలో చిన్న సంఘం ఆయనది. మనిషి కాస్త బొద్దు. మోపెడ్ తీసుకోమని సంఘంలో పెద్దలు చెప్పి చెప్పి విసిగిపోయారు. "కొండ మీదోళ్లు నడిచి దిగుతుంటే నేను మోటారు మీద ఎక్కుతానా?" అనేవాడు. పాత నల్ల సైకిలు, వెనక క్యారేజీ, ఉతికి ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా. నేను ప్రైవేటు స్కూల్లో డ్రిల్లు మాస్టర్ని, నాది గేరు సైకిలు. చర్చి మీద నాకు ఆసక్తి అంతంత మాత్రమే. కొండ ఊళ్లలో ప్రార్థనలకి ఆయన వెళ్తుంటే నేనూ వెళ్లేది కొండ రోడ్డు కోసం. అయినా నన్ను ఒక్కసారీ ముందు పోనిచ్చేవాడు కాదు. పాస్టరు వెనకపడితే బాగోదట!

చీడికాడ దాటాక రోడ్డు పైకి తిరుగుతుంది. కింద చెరకు తోటలు, వాటిపైన జీడిమామిడి, ఇంకా పైన జీలుగు చెట్లు. ఆ కొండలకి ద్రాక్ష అంటూ ఉంటే అది జీలుగే. చెట్టు తలకాయలో గీత పెట్టి కుండ కడితే తెల్లారేసరికి కల్లు. పెళ్లికి కల్లు, చావుకి కల్లు, చుట్టం గుమ్మంలోకి వస్తే కల్లు. అలాంటి ఒక కొండ ఊళ్లో మా బావ మాట మీద ఒక ముసలమ్మ కల్లు మానేసింది. ఆవిడ మొగుడు కల్లు గీసేవాడు, తాగి ఎక్కి చెట్టు మీంచి పడి చనిపోయాడు. ఆ ఊళ్లో మొదటి బాప్తిస్మం ఆవిడదే. ఎవరైనా ముంత అందిస్తే "మా బాబు ముట్టడు, నానూ ముట్టను" అనేది. బాబు అంటే మా బావ. ఈ మాట ఎవరైనా చెబితే బావ మొహం వెలిగిపోయేది. ఆయనకున్న గర్వం అదొక్కటే అనుకుంటాను.

రెండు వేల ఆరో, ఏడో. ఈస్టరు ముందటి శ్రమల దినాలు నడుస్తున్నాయి, ఎండలు అప్పుడే ముదిరాయి. శనివారం పొద్దుపోయాక ముసలమ్మ కొడుకు చీడికాడలో ఎస్టీడీ బూతు నుంచి ఫోన్ చేశాడు. "అమ్మ మంచం దిగట్లేదు అయ్యగారూ. బల్ల ఇయ్యమంతంది. బేగి రండి."

బల్ల అంటే ప్రభువు బల్ల. రొట్టె ముక్క, గుక్కెడు ద్రాక్షరసం. పోయే ముందు అది తీసుకోవాలని ఆవిడ కోరిక. ఇంకేమీ అడగలేదు.

రొట్టెకి ఇబ్బంది లేదు, అక్క రెండు నిమిషాల్లో కాలుస్తుంది. రసంతోనే వచ్చింది చిక్కు. నల్ల ద్రాక్ష తెచ్చి, మరగబెట్టి, వడకట్టి, నెల మొదటి ఆదివారానికి అక్కే చేసేది. ఆ వేళప్పుడు బజార్లో ద్రాక్ష ఎక్కడ? మొదటి ఆదివారం మిగిలింది టానిక్ సీసాలో సగానికి పైగా ఉంది. అక్క దానికి బిరడా బిగించి, కొవ్వొత్తి కరిగించి చుట్టూ పోసి, పైన పురికొస కట్టింది. గాలి తగిలితే పాడవుతుందని ఆవిడ నమ్మకం. నేనూ పక్కనే ఉండి పురికొస ముడి బిగించాను. మూడు తరాలుగా కల్లు ముట్టని ఇల్లు మాది. పులిసేదాని మూతి బిగించకూడదన్న సంగతి మా ఇంట్లో ఎవరికి తెలుసు గనక?

ఆదివారం ఆరాధన కాగానే బయల్దేరాం. సీసాని క్యారేజీకి కడదామన్నాను. గతుకుల్లో పగులుతుందని బావ చేతిసంచిలో పెట్టి, సంచిని వీపుకి తగిలించుకున్నాడు. చోడవరం దాకా చెరకు ట్రాక్టర్లతో పోటీ. చీడికాడలో ఆగి టీ తాగాం. అక్కడినుంచి ఎక్కుడే ఎక్కుడు. నేను గేరు తగ్గించుకుని కూర్చునే తొక్కుతున్నాను. బావ మాత్రం నిలబడి, ఒక్కో పెడల్ మీద మనిషి బరువంతా వేస్తూ, అటూ ఇటూ ఊగుతూ ఎక్కుతున్నాడు. వీపు మీద సంచి కూడా ఊగుతోంది. పైనుంచి ఎండ, లోపల్నుంచి ఆయన వీపు ఆవిరి. జీడిమామిడి పూత వాసన ముక్కుపుటాలకి కొడుతోంది. "దిగి నడుద్దాం బావా" అన్నాను. "దేవుడి పని మీద పోతూ నడుత్తావేటి?" అన్నాడు, ఊపిరి అందకుండా.

ఆఖరి మలుపులో ఠప్పని శబ్దం.

"పోయింది బావా, ట్యూబు పేలిపోయింది" అంటూ బావ దిగాడు. వెనక చక్రం నొక్కి చూశాడు. రాయిలా ఉంది. ముందు చక్రం నొక్కాడు. అదీ బాగానే ఉంది. ఇద్దరం మొహమొహాలు చూసుకున్నాం. అప్పుడు చూశాను, తెల్ల చొక్కా వెనకంతా ముదురు ఊదారంగు కిందికి జారుతోంది. బిరడా ఎగిరిపోయింది, పురికొస తెగి వేలాడుతోంది. సీసా అడుగున రెండు మూడు గుక్కలు మిగిలి, నురగ కక్కుతోంది.

"మిగిలిందిలే, ఆవిడొక్కదానికి చాలు" అన్నాను. బావ సీసా ముక్కు దగ్గర పెట్టుకుని తల వెనక్కి లాగేశాడు. "కల్లయిపోయింది బావా" అన్నాడు. ఆ గొంతు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. నేను చెయ్యి చాచేలోపే మిగిలింది రోడ్డు పక్క రాళ్లలో పోసేశాడు. నాకు ఒళ్లు మండింది. ప్రభువు కాలంలో మాత్రం పులియని రసం తాగారా అని అడిగాను. "ఆవిడ సేత కల్లు మాన్పించినోణ్ణి. సావబోయేటప్పుడు నా సేత్తో కల్లు పోత్తానా?" అన్నాడు.

ముసలమ్మ మంచం వాకిట్లో పందిరి కింద వేసి ఉంది. పొద్దున్నుంచి గంజి కూడా ముట్టలేదట, బల్ల తీసుకున్నాకే తింటానందట. కళ్లు సరిగా ఆనడం లేదు. బావ పక్కన కూర్చుని "వందనాలమ్మా" అన్నాడు. ఆవిడ చెయ్యి తడుముకుంటూ వచ్చి ఆయన భుజం మీద ఆగింది. ముక్కు ఎగబీల్చింది.

"బాబూ, కల్లు వాసనొత్తంది."

"కల్లు కాదమ్మా. ద్రాక్షరసం. సీసా బిరడా ఎగిరిపోయింది."

"రసానికి ఈ వాసనెక్కడిది బాబూ? కల్లు కుండల మజ్జిన పుట్టేను. నాకు తెల్దేటి?" నవ్వింది. "ఏదీ, సీసా సూపించు."

"మిగిలింది పారబోసేనమ్మా."

"బల్ల రసం ఎవులన్నా పారబోత్తారా? ఎందుకు పారబోసేవు?"

కల్లయిందని పారబోశానంటే కల్లు తెచ్చినట్టే. కాలేదంటే పారబోయడం దేనికి? ఆదివారం ఆదివారం గంటసేపు ఆగకుండా మాట్లాడే మనిషికి ఒక్క ముక్క దొరకలేదు. నేను కలగజేసుకుని "మా బావ జన్మలో ముట్టలేదమ్మా, నామాట నమ్ము" అన్నాను.

"బావమరిదివి. నువ్వు మరేటంతావులే" అంది.

కోపం వచ్చి ఉంటే బాగుండేది. రాలేదు. బావ చెయ్యి తన రెండు చేతుల్లో పెట్టుకుని నిమిరింది. "పోన్లే బాబూ. ఇంత కొండెక్కినోడికి దాహమేత్తాది. దేవుడు సూసీసి ఊరుకుంటాడు." ఉత్త రొట్టె ఇవ్వబోతే వద్దంది. "రెండూ కలిపే ఇద్దువు గాని. మళ్లీ ఆదోరం వత్తావు కదా."

బావ ప్రార్థన చేశాడు. గొంతు వణికి మధ్యలో ఆగిపోయింది. ఆ వణుకుని ఆవిడ ఏమనుకుందో మొహంలోనే తెలిసిపోయింది. తప్పు ఒప్పుకుంటున్న పిల్లాణ్ణి ఓదార్చినట్టు "ఏటవదులే, ఏటవదులే" అంటూ ఉంది.

దిగేటప్పుడు పెడల్ వెయ్యక్కర్లేదు, ఆ కొండ ఎక్కేదే దిగడం కోసం. ఆ సాయంత్రం బావ రెండు బ్రేకులూ పట్టుకునే దిగాడు. నేను ప్రతి మలుపులోనూ ఆగి ఎదురుచూశాను. చీడికాడ వచ్చాక "నన్ను తాగుబోతనుకుంటంది బావా" అన్నాడు. ఆదివారం తాజా రసం పట్టుకెళ్లి అంతా విడమరిచి చెబుదామన్నాను. అక్క సోమవారమే ద్రాక్ష తెప్పించింది.

గురువారం కొడుకు ఫోన్ చేశాడు. మేము తొక్కుకుంటూ చేరేసరికి మట్టి చెయ్యడం కూడా అయిపోయింది. ఎండల్లో ఎంతసేపు ఉంచుతారు? ఎందుకో తెలియదు, బావ కొత్త సీసా కూడా సంచిలో వేసుకొచ్చాడు. ఈసారి మూతి బిగించలేదు, గుడ్డ మాత్రం కట్టాడు.

కొడుకు మమ్మల్ని సమాధి దగ్గరికి తీసుకెళ్లాడు. పచ్చి మట్టి, చుట్టూ రాళ్లు, వెదురు సిలువ. బావ అసలు సంగతి చెప్పడానికి గొంతు సవరించుకున్నాడు. ఈలోపు కొడుకే మొదలుపెట్టాడు. "అమ్మ ఆఖర్ని తన కోసం ఏటీ అడగలేదు అయ్యగారూ. రేత్రీ పగలూ మీ కోసమే పార్దన. మా బాబు సేత ఆ తాగుడు మాన్పించు దేవుడా అని. గంజి పోత్తే అదీ మానేసి ఉపాసముండిపోయింది." తలవంచుకుని, సిగ్గుపడుతూ అన్నాడు: "మానేత్తానని ఇక్కడ మీ సేత సెప్పించమంది. మీరేటనుకోకండి."

బావ నా వైపు చూశాడు. నేను ఆ రాళ్ల వైపు చూశాను. ఎదురుగా జీలుగు చెట్టు మీద ఎవరో కుండ దించుతున్నారు. బావ ఆ మట్టి మీద చెయ్యి పెట్టాడు.

"మానేత్తానమ్మా" అన్నాడు.