రెండే మలుపుల వరదయ్య

వరదయ్యకు ఈ లోకంలో ఎంత దూరమైనా రెండే మలుపులు. అలిపిరి నుంచి కొండ మీదికి రెండే మలుపులు. తిరుపతి నుంచి చిత్తూరుకు రెండే మలుపులు. కాశీకి ఎన్ని అని ఎవరైనా ఎకసెక్కంగా అడిగితే, కాసేపు ఆలోచిస్తున్నట్టు నటించి, "ఆడికీ రెండే ఉంటాయిలే అప్పా" అనేవాడు. ఆ మాట విని నవ్వుకున్నవాళ్ళు ఊరంతా ఉన్నారు. నమ్మి కాళ్ళు పీకించుకున్నది మాత్రం ఆయన భార్య మునిలక్ష్మి.

ఈ జబ్బు ఆయనకు ఉద్యోగంలో అంటుకుంది. ఆయన తిరుమల ఘాట్ రోడ్డు బస్సులో కండక్టరు. బస్సు కొండెక్కడం మొదలుపెట్టగానే కొందరికి కడుపులో తిప్పడం మొదలవుతుంది. కిటికీలోంచి తల బయటపెట్టి, "ఇంకా ఎంత దూరం సామీ?" అని ఏడుపు మొహంతో అడుగుతారు. వరదయ్య వాళ్ళ చేతిలో ఓ నిమ్మకాయ పెట్టి, "రెండే మలుపులు. కండ్లు మూసుకో, అయిపాయ" అనేవాడు. ఒకసారి వేలూరు నుంచి వచ్చిన ఒక పెద్దామె ఆ మాట పట్టుకుని కింద నుంచి పైదాకా కళ్ళు మూసుకునే కూర్చుంది. దిగేటప్పుడు ఆయన చెవి పట్టుకుని, "ఏం నాయనా, మీ ఊళ్ళో రెండు తర్వాత అంకె లేదా?" అని అడిగింది.

మునిలక్ష్మికి పెళ్ళైన కొత్తలోనే తెలిసొచ్చింది. కార్వేటినగరంలో చుట్టాల పెళ్ళికి పోతుంటే పుత్తూరు దాటాక బస్సు చెడిపోయింది. "రెండే మలుపులు, నడిసి పోదాం పా" అన్నాడు కొత్త పెళ్ళికొడుకు. పట్టుచీర కట్టుకుని, కొత్త చెప్పులు వేసుకుని, ఆ పిల్ల మొగుణ్ణి నమ్మి నడిచింది. నడిచింది. ఎండ నెత్తికెక్కింది. మడమ మీద బొబ్బ లేచింది.

"ఏమయ్యా, రెండు మలుపులన్నావే! ఇంతసేపు నడిసినా ఒక్కటి గూడా రాలేదే!"

"అదే మే నేనూ చెప్పేది. రోడ్డు తిన్నగా ఉండాది. మలుపు వస్తే గదా రెండు అయ్యేది!"

వాళ్ళు పోయేసరికి పెళ్ళి అయిపోయింది, భోజనాలు అయిపోయాయి, వంటవాళ్ళు గుండిగలు తోముకుంటున్నారు.

కూతురు పుట్టేటప్పుడు కూడా అంతే. కాన్పు గది తలుపు బయట నిలబడి, "మే, భయపడొద్దు, రెండే మలుపులు!" అని అరిచాడు. లోపల నుంచి మునిలక్ష్మి ఆస్పత్రి అంతా వినబడేటట్టు, "నువ్వు లోపలికి రా! ఆ రెండూ నువ్వు తిరుగు!" అని జవాబిచ్చింది. లోపలున్న నర్సు ఆ మాట తాను రిటైరయ్యేదాకా అందరికీ చెప్పుకుంది.

వరదయ్య కూడా రిటైరయ్యాడు. ఆ ఏడే మునిలక్ష్మికి షుగరు బయటపడింది. డాక్టరు రిపోర్టు చూసి కళ్ళజోడు తీశాడు.

"ఒళ్ళు కదిలించాలమ్మా. లేకపోతే సూదులే."

"నడిస్తే మోకాళ్ళు నొప్పి సార్."

"అయితే సైకిలు తొక్కండి. మోకాళ్ళకు మంచిది."

సూది అంటే మునిలక్ష్మికి ప్రాణం పోయినంత భయం. సైకిలంటే సిగ్గు. చిన్నప్పుడు అన్న సైకిలు బారు కింద నుంచి అడ్డకాలు పెట్టి తొక్కిందే గాని, యాభై ఏళ్ళ వయసులో వీధిలో తొక్కితే జనం ఏమంటారు? దానికి వరదయ్యే దారి కనిపెట్టాడు. ఊరి చివర, కొండల అడుగున ఉన్న అడవి పార్కులో అటవీ శాఖవాళ్ళు కొత్తగా సైకిలు బాటలు వేశారు. చెట్ల నడుమ ఎర్రమట్టి బాటలు, రాళ్ళు, వేర్లు, వాగు గుంటలు. గేటు దగ్గర లావు టైర్ల గేర్ల సైకిళ్ళు బాడుగకిస్తారు. ఆ చెట్ల మధ్య ఎవరు చూడబోతారు? నెమళ్ళు తప్ప.

కూతురి చుడీదారు వేసుకుని మునిలక్ష్మి మొదటిరోజు సైకిలెక్కింది. మొదటి గుంటలోనే పడింది. మోచేయి గీరుకుపోయింది. వరదయ్య పరిగెత్తుకొచ్చి లేపి, మట్టి దులిపాడు.

"ఇంకెన్నాళ్ళు పడాలయ్యా ఇట్ల?"

"ఎన్నాళ్ళేంది? రెండే..."

"మలుపులన్నావంటే ఈ సైకిలు నీ నెత్తిన ఏస్తా!"

వరదయ్య మిగతా మాట మింగి సైకిలు లేపి నిలబెట్టాడు. ఆమె మళ్ళీ ఎక్కింది. వానాకాలం పోయి చలికాలం వచ్చేసరికి కింది బాటలన్నీ ఆమెకు అరచేతి గీతల్లా తెలిసిపోయాయి. ఏ రాయి దగ్గర గేరు తగ్గించాలో, ఏ వేరు మీద హ్యాండిలు గట్టిగా పట్టుకోవాలో చేతులే చెప్పేవి. ఒక్క పెద్ద బండ బాట జోలికి మాత్రం ఆమె పోలేదు. అది పాములా మెలికలు తిరుగుతూ కొండ వాలు మీద ఒక నున్నటి బండ దాకా పోతుంది. కుర్రవాళ్ళే సగంలో దిగి సైకిళ్ళు తోసుకుంటూ కనబడేవాళ్ళు.

వేసవి మొదట్లో ఒక ఆదివారం పార్కువాళ్ళు పోటీ పెట్టారు. పెద్ద బండ దాకా కాలు నేల మీద పెట్టకుండా ఎక్కాలి. కాలు పెట్టినవాళ్ళు పోటీలోంచి పోయినట్టే. మునిలక్ష్మి తమ్ముడు ఢిల్లీబాబు అందరికంటే ముందు పేరిచ్చాడు. వ్యాయామశాలలో కండలు పెంచిన మనిషి, వీధిలో పోతూ అద్దాల షాపుల్లో తన భుజాలు చూసుకునే రకం. వాడు అంతటితో ఆగి ఉంటే ఆమె కూడా ఊరుకునేది. ఆగలేదు.

"అక్కా, నువ్వు కింద కూర్చోని మజ్జిగ తాగు. నేను పైకి పోయి వస్తా."

ఆ మాటకు మునిలక్ష్మి పోయి తన పేరు కూడా ఇచ్చింది.

వరదయ్యకు మజ్జిగ కుండ ఇచ్చి బాట పై భాగంలో ఒక మలుపు దగ్గర నిలబెట్టారు. వచ్చినవాళ్ళందరికీ గ్లాసుతో పాటు తన మాట కూడా పంచాడు. "రెండే మలుపులు అబ్బా, తొక్కు!" "రెండే పాపా, వదలొద్దు!" నమ్మినవాళ్ళు నమ్మి తొక్కారు. కొందరు జారారు, కొందరు కాలు పెట్టారు, కొందరు పైకి పోయారు.

ఢిల్లీబాబు మొదట్లో తారాజువ్వలా దూసుకుపోయాడు. మునిలక్ష్మి అన్నిటికంటే చిన్న గేరులో, కుట్టుమిషను తొక్కుతున్నట్టు తొక్కుతూ వచ్చింది. సగం దాటాక ముందు తమ్ముడి వీపు కనబడింది. దగ్గరైంది. ఇంకా దగ్గరైంది. వాడి సైకిలు అటూ ఇటూ ఊగుతోంది. మజ్జిగ మలుపు దగ్గరికి ఇద్దరూ ఒకరి వెనక ఒకరు చేరారు.

"బావా, ఎంత దూరం ఉండాది?" అన్నాడు ఢిల్లీబాబు, నాలుక తడబడుతూ.

వరదయ్య బావమరిది మొహం చూశాడు. కుండ కింద పెట్టాడు.

"శానా ఉండాది రా. ఇరవై మలుపులు. నీ వల్ల గాదు, దిగు."

వెనక వస్తున్న మునిలక్ష్మి చెవులు గుయ్యిమన్నాయి. కాపురం మొదలైన నాటి నుంచి ఈ మనిషి నోట రెండు తప్ప ఇంకో అంకె ఆమె వినలేదు. రెండన్న చోటల్లా ఇరవై ఉండేవి. మరి ఇరవై అన్నాడంటే రెండు వందలుంటాయా? సైకిలు దాదాపు ఆగిపోయింది. ఎడమ కాలు నేల వైపు దిగింది.

అప్పుడు ఆమెకు కోపం వచ్చింది. తమ్ముడి మీదా మొగుడి మీదా కాదు, ఆ దిగుతున్న కాలి మీద. "ఉంటే ఉండనీ, రెండు వందలే ఉండనీ!" అని పళ్ళు బిగించి ఆ కాలిని మళ్ళీ పెడలు మీదికి ఎక్కించింది. పక్కనే తమ్ముణ్ణి రెండు చేతులా పట్టుకుని దింపుతున్న వరదయ్యను దాటింది. తలెత్తకుండా తొక్కింది. రాళ్ళు టైరు కింద నుంచి చిట్లి ఎగిరాయి. ఊపిరి కొలిమి తిత్తిలా ఆడింది. ఒక్క మలుపు తిరిగింది.

చప్పట్లు వినిపించాయి.

తలెత్తి చూస్తే ఎదురుగా పెద్ద బండ! ముందు చక్రం నున్నగా బండ మీదికి ఎక్కింది. ఎవరో ఆమె నెత్తిన పసుపుపచ్చ టోపీ పెట్టారు. కిందంతా తిరుపతి ఎండలో మెరుస్తోంది. బస్టాండు, రైలు పట్టాలు, తన వీధి ఎక్కడో చుక్కంత. మునిలక్ష్మి ఆ టోపీతోనే మొహం తుడుచుకుని, పక్కనున్న పద్దెనిమిదేళ్ళ పిల్లను కావలించుకుని గట్టిగా నవ్వింది. ఆడవాళ్ళలో కాలు పెట్టకుండా పైకి వచ్చినవాళ్ళు వాళ్ళిద్దరే.

దిగి వచ్చేసరికి ఢిల్లీబాబు చెట్టు నీడలో తడి తువ్వాలు కప్పుకుని పడుకుని ఉన్నాడు. పార్కువాళ్ళు పిలిపించిన డాక్టరు వాడి నాడి చూసి లేచాడు. "ఇప్పుడు పరవాలేదు. ఎండదెబ్బ. ఇంకొంచెం తొక్కి ఉంటే ఆస్పత్రికే" అన్నాడు.

మునిలక్ష్మి మొగుణ్ణి పక్కకు లాగింది.

"ఒకే ఒక్క మలుపు ఉండాది గదయ్యా! ఇరవై అని ఎందుకు చెప్తివి?"

"ఒకటే అంటే వీడు ఆగుతాడా? సచ్చినా తొక్కుతాడు. మొగాన చెమట ఆరిపోయి, పెదాలు తెల్లగా పాలిపోయినాయి." వరదయ్య గొంతు తగ్గించాడు. "నేను యానాడన్నా దావ చూసి చెప్పినానా మే? ఎదుటోళ్ళ మొగం చూసి చెప్తా. పోగలిగినోళ్ళకి దగ్గిర. పోలేనోళ్ళకి దూరం. బస్సులో గూడా అంతే. నిజంగా ప్రాణం మీదికొచ్చినోళ్ళుంటే మలుపుల మాటెత్తకుండా బస్సే ఆపినా."

మునిలక్ష్మి నడుము మీద చేయి వేసుకుని అడిగింది.

"మరి నన్ను దాటనిచ్చినావే, నాకేమీ చెప్పకుండా?"

"నీ మొగం గూడా సూసినా" అన్నాడు వరదయ్య. "చెప్పాల్సిన పని కనపళ్ళా."

ఆమె తల తిప్పుకుంది. అయినా నవ్వు దాగలేదు. నీడలో నుంచి ఢిల్లీబాబు మెల్లగా మోచేతి మీద లేచి కూర్చున్నాడు.

"అక్కా, ఆ టోపీ ఒక్కసారి ఇస్తావా? ఫోటో దిగి ఇచ్చేస్తా."

మునిలక్ష్మి టోపీ సరిచేసుకుని, సైకిలు ఎక్కి, గేరు మార్చింది.

"పైన టోపీలు శానా ఉండాయి రా. కోలుకున్నాక పోయి తెచ్చుకో."