బావకు చెప్పకుండా తీసిన ఆయిల్

వీధిలో అతనికి ‘నేనున్నాగా’ అని పేరు. ఎవరింట్లో కుళాయి కారినా, ఎవరి తలుపు గడియ పట్టేసినా, పిలవకముందే వెళ్ళి నిలబడి, “మీరు పక్కకు జరగండి, నేనున్నాగా!” అనేవాడు. సగం పనులు బాగుపడేవి. మిగతా సగానికి, అతను వెళ్ళాక, పని తెలిసినవాణ్ణి పిలిపించుకునేవాళ్ళు. బతుకుతెరువు కళ్ళజోళ్ళ దుకాణంలో. అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో కూర్చోబెడతాడు. నువ్వుగింజంత మరలు, వేలెడంత స్క్రూడ్రైవరు, రోజంతా వాటితోనే కాపురం. ఆ పనిలో అతనికి వంక పెట్టినవాడు లేడు.

పెళ్ళి చేసుకోలేదు. అక్కాబావల ఇల్లు రెండు సందుల అవతల. పొద్దున టీ అక్కడే, రాత్రి భోజనమూ అక్కడే. బావకూ అతనికీ క్షణం పడదు, ఒకరు లేకుండా ఒకరికి క్షణం గడవదు.

“వచ్చాడండీ పెద్ద ఇంజనీరు! ఒరేయ్, ఆ కుర్చీ ముట్టుకోకు, దాని నాలుగు కాళ్ళూ బాగానే ఉన్నాయి” అనేవాడు బావ.

“నాలుగో మూడో నీకేం కనిపిస్తుంది బావా? దుకాణానికి రా, అద్దాలు మారుస్తా” అనేవాడు ఇతను.

ఆ వేళాకోళం లేని పూట అక్కకు అన్నం సయించేది కాదు.

కుర్చీల సంగతి ఎలా ఉన్నా, కారు మీద మాత్రం బావ ఎవరినీ చెయ్యి వేయనిచ్చేవాడు కాదు. పాత కారు. ఆ రకం తయారు చేయడం మానేసి చాలా కాలమైంది. బావ ప్రింటింగు ప్రెస్సులో మిషను నడిపి రిటైరైన మనిషి. యంత్రం గొంతు మారితే నిద్రలోంచి లేచి కూర్చునే రకం. ఆయిల్ మార్చినా, బ్రేకులు సరిచేసినా అన్నీ తన చేత్తోనే.

ఆ వేసవిలో బావకు హెర్నియా ఆపరేషను చేయాలన్నారు. ఆసుపత్రి ఊరికి ఆ చివర, బైపాస్ దాటాక. చేరే ముందు రోజు బావ కారు దిగుతూ, “రెండో గేరు మొరాయిస్తోంది. తిరిగి రాగానే గేరుబాక్సు ఆయిల్ మార్చాలి” అని తనలో తనే అనుకున్నాడు. అది బావమరిది చెవిన పడింది. బావ వచ్చేసరికి ఆ పని అయిపోయి ఉంటే! గేరు సుతారంగా పడితే, “ఎవడు చేశాడ్రా ఇది?” అని బావ నోరు తెరిస్తే! ఆ ఒక్క మాట కోసం అతను దుకాణానికి సెలవు పెట్టాడు.

రేపు డిశ్చార్జి అనగా మొదలుపెట్టాడు. ఆసుపత్రి దగ్గర పార్కింగు దొరకదని అక్క బస్సులోనే తిరుగుతోంది, కారు ఇంట్లోనే ఉంది. జాకీతో కారు లేపి, కింద స్టాండ్లు పెట్టి, వెల్లకిలా దూరాడు. గేరుబాక్సుకు రెండు బోల్టులు. అడుగుది విప్పితే పాత ఆయిల్ కారిపోతుంది, పక్కది విప్పి కొత్తది పోయాలి. అడుగుది సులువుగానే ఊడింది. మాడిన వాసనతో నల్లటి ఆయిల్ టబ్బులోకి దిగుతుంటే అతనికి ఈల వేయాలనిపించింది. చివరి చుక్కదాకా కారనిచ్చి, బోల్టు తుడిచి బిగించాడు. అప్పుడు పక్క బోల్టుకు స్పానరు తగిలించాడు. కదల్లేదు. సుత్తితో కొట్టాడు, కాలితో తన్నాడు. తుప్పు పట్టి అది గేరుబాక్సుతో ఏకమైపోయింది. ఇంకాస్త బలం పెట్టేసరికి స్పానరు జారి, బోల్టు తల గుండ్రంగా అరిగిపోయింది.

అయినా, అరిగిన బోల్టుల్ని పట్టే సాకెట్టు బజారులో దొరక్కపోతుందా అనుకున్నాడు. కారును ఎత్తి ఉంచి వెళ్ళడానికి మనసొప్పలేదు. పక్కింటి పిల్లలు ఆడుకుంటూ కిందికి దూరితే? దించేశాడు. టబ్బు ప్రహరీ వెనక పెట్టాడు. నేల మీది మరకల మీద రంపపు పొట్టు చల్లి ఊడ్చాడు. కారు తాళం ఎప్పటిలా తలుపు పక్క మేకుకు తగిలించాడు. వచ్చి చూసినవాళ్ళకు అక్కడ ఏ పనీ జరిగినట్టు లేదు.

ఒక దుకాణంలో ఆ సైజు లేదు. ఇంకో దుకాణం భోజనానికి మూసేశారు. తెరిచేదాకా దాని మెట్ల మీదే కూర్చున్నాడు.

ఆ లోపు డాక్టరు బావను చూసి, ఈరోజే వెళ్ళిపోవచ్చన్నాడు. కుట్లు పచ్చిగా ఉన్నాయి, బస్సు కుదుపులు పడవు. అక్క ఇంటికొచ్చి, మేకు మీది తాళం తీసుకుని, కారేసుకుని వెళ్ళింది.

అతను సాకెట్టుతో తిరిగొచ్చేసరికి గేటు బార్లా తెరిచి ఉంది. లోపల కారు లేదు. ఫోను చేశాడు.

“అక్కా, కారు ఆపు! ఉన్నచోటే ఆపెయ్!”

“అదే ఆగిపోయిందిరా, వంతెన మీద” అంది అక్క. “వెళ్ళేటప్పుడే ఏదో కూత వినిపించింది. వేడికేమో అనుకున్నా. మీ బావ ఎక్కినప్పటి నుంచీ అదేం చప్పుడే, ఆపు ఆపు అంటూనే ఉన్నారు. ఈ బండ్ల మధ్య ఎక్కడ ఆపను? ఇంతలో ఫెళ్ళుమంది.”

“బావేడీ?”

“ఎండలో నిలబడ్డారు. పొట్ట పట్టుకుని.”

ఆటోలో పరుగున వెళ్ళాడు. వంతెన గోడకు ఆనుకుని ఉన్న బావకు అక్కడే, ఏదీ దాచకుండా చెప్పేశాడు. బావ అడ్డు తగలకుండా విన్నాడు.

“పక్క బోల్టు ముందు విప్పలేదా?”

“లేదు బావా.”

బావ కళ్ళు మూసుకున్నాడు. “ఒక్క ఫోను చేసి ఉంటే మంచం మీంచే చెప్పేవాణ్ణి. అది ఊడాకే కిందిదాని జోలికి వెళ్ళాలి. ఊడకపోతే పని మానుకోవాలి, అంతే.”

ఆ తర్వాత ఆ ఊసు ఎత్తలేదు.

మెకానిక్కు గేరుబాక్సు విప్పి, ఆయిల్ లేక కాలి నీలం తిరిగిన బేరింగులూ విరిగిన పళ్ళూ చూపించాడు. ఆ రకం సామాను ఎక్కడా దొరకదన్నాడు. కారు పాత ఇనుము కింద వెళ్ళిపోయింది. బావకు ఒక కుట్టు చీము పట్టి, గాయం వానలు పడేదాకా మానలేదు. అది ఎండలో నిలబడ్డందుకు కాదని డాక్టరు ఎంత చెప్పినా బావమరిది నమ్మలేదు.

తలుచుకుంటే అతనికి తప్పుగా చేసినవాటికన్నా ఒద్దికగా చేసినవే గుచ్చుకునేవి. టబ్బు కారు ముందే వదిలేసినా, నేల ఊడవకపోయినా, ఆ తాళం జేబులో వేసుకున్నా అక్క ఆగి ఉండేది. అక్కకు మాట మాత్రం చెప్పినా సరిపోయేది. చెప్తే ఆమె బావ చెవిన వేస్తుందని, తన ముచ్చట తీరదని చెప్పలేదు.

ఓ సాయంత్రం ఉండబట్టలేక, “తిట్టు బావా. నోరారా తిట్టు” అన్నాడు.

“ఎందుకయ్యా? మంచికే కదా చేశావు” అన్నాడు బావ.

ఆ ‘అయ్యా’ విని అక్క వంటింట్లోంచి తొంగి చూసింది. ఆ ఇంట్లో అతన్ని ఎవరూ ఎన్నడూ అలా పిలవలేదు.

చలికాలంలో ఒకరోజు అతను వెళ్ళేసరికి వంటింట్లో దీపం వెలగడం లేదు. అలవాటుకొద్దీ స్టూలు వైపు నడిచాడు.

“ఎలక్ట్రీషియన్‌కు చెప్పాను, వస్తున్నాడు” అన్నాడు బావ, నెమ్మదిగా. “నువ్వు కూర్చో. టీ తాగు.”

కూర్చున్నాడు. ఎలక్ట్రీషియన్ వచ్చి, స్టూలెక్కి, చిన్న వైరు ముక్క బిగించి స్విచ్చి వేశాడు. అక్క ఏదో అనబోయి, భర్త ముఖం చూసి, ఎలక్ట్రీషియన్‌కు కూడా టీ పోసింది. బావమరిది తన గ్లాసు తానే కడిగి బోర్లించి, చెప్పులు వేసుకున్నాడు.