నేనెవరో తెలియదన్నారు

నారాయణగూడలో ఒక సర్కారు దవాఖానాలో నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. ఒక ఏజెన్సీ ద్వారా కాంట్రాక్టు మీద చేరి పదేళ్లు దాటింది. నా పక్క బల్ల దగ్గర పనిచేసే అక్క పర్మనెంటు. ఇద్దరం చేసేది ఒకటే పని, నాకు వచ్చేది మాత్రం ఆమె జీతంలో సగం కూడా కాదు. అందుకే నాలాంటి వాళ్లం కొందరం కలిసి, మమ్మల్ని పర్మనెంటు చేయాలనీ సమాన జీతం ఇవ్వాలనీ లేబర్ కోర్టుకు వెళ్లాం.

దవాఖానా తరఫున సాక్ష్యం చెప్పడానికి మా సూపరింటెండెంటు గారు వచ్చారు. ఆయనకు షుగర్ ఉంది. ప్రతి నెలా పరగడుపున ల్యాబ్‌కు వచ్చి, "నువ్వు సూది గుచ్చితే నొప్పే తెల్వదమ్మా" అంటూ నా ముందే చెయ్యి చాపేవారు. ఆయన బోనెక్కుతుంటే నాకు ధైర్యంగానే అనిపించింది.

మా వకీలు నన్ను చూపించి, "ఈమె మీ దగ్గర పనిచేస్తుందా?" అని అడిగారు.

ఆయన నావైపు చూశారు. "ఈమె ఎవరో నాకు తెలియదు. ఏజెన్సీ వాళ్లు ఎవరెవరినో పంపుతుంటారు," అన్నారు.

ఆ తర్వాత ఎవరేమన్నారో ఒక్క ముక్క కూడా నా చెవిన పడలేదు.

బయట మెట్ల దగ్గర ఆయనకు ఎదురు వెళ్లాను. "సార్, నేను తెల్వదా మీకు?"

"ఏం చెయ్యమంటవమ్మా? పైనుంచి గట్లనే చెప్పుమన్నరు," అని ఆయన గబగబా కారెక్కారు.

చిక్కడపల్లిలో బస్సు దిగాల్సినదాన్ని, దిగడం మరిచి ముషీరాబాద్ దాకా వెళ్లిపోయాను.

మర్నాడు సంగతి వినగానే అక్క గ్లౌజులు తీసి బల్లమీద పడేసింది.

"ఎవరో తెల్వదన్నడా? నేనొస్త సాక్ష్యానికి."

"నీ మీదికొస్తది అక్కా."

"రానీ. మహా అయితే ట్రాన్స్‌ఫర్ చేస్తరు, గంతే కదా!"

ఆ సాయంత్రమే ఇద్దరం అశోక్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ పైన ఉన్న వకీలు ఆఫీసుకు వెళ్లాం. తర్వాతి వాయిదాలో అక్క బోనెక్కి, మా ఇద్దరిదీ ఒకటే పని అని, సెలవు రోజుల్లో డ్యూటీలు నాకే ఎక్కువ వేస్తారని చెప్పింది.

తీర్పు మాకే అనుకూలంగా వచ్చింది. అందరం ఏడ్చాం, నవ్వాం. కానీ పైవాళ్లు హైకోర్టుకు వెళ్లి స్టే తెచ్చుకున్నారు. అక్కను నిజంగానే వేరే జిల్లాకు బదిలీ చేశారు.

ఆమె స్థానంలో కొత్తమ్మాయి వచ్చింది.

"పర్మనెంటేనా?" అని అడిగాను.

"లేదక్కా, కాంట్రాక్టే," అంది.