లీటరు సరంగు

జలాశయం మీద షికారు బోట్లు నడిపే ఐదుగురు సరంగుల్లో అతనికొక్కడికే బిరుదు ఉండేది. లీటరు సరంగు. ఆ బిరుదు ప్రేమతో ఇచ్చింది కాదు. రోజుకు ఆరు ట్రిప్పులకు మిగతా నలుగురి బోట్లు పదిహేడు, పద్దెనిమిది లీటర్ల డీజిలు తాగితే, ఇతని బోటు పన్నెండుతో సరిపెట్టుకునేది. తోటివాళ్ళకు ఒళ్ళు మండదూ మరి!

అందులో మంత్రమేమీ లేదు, ఉన్నదల్లా చాదస్తం. సెలవు రోజున అందరూ ఇళ్ళలో కాళ్ళు చాపుకుని పడుకుంటే, ఇతను ఊపిరి బిగబట్టి బోటు కిందికి దూరి, రేకు ముక్కతో అడుగున పట్టిన పాచి గీకేవాడు. లావుపాటి వాళ్ళు కుటుంబ సమేతంగా వెనక సీట్లలో చేరితే, "ముందు నుంచి ఫొటోలు బాగా వస్తాయండీ" అని తియ్యగా ముందుకు తోలేవాడు. వెనక బరువెక్కితే బోటు ముక్కు పైకెత్తుతుంది, ముక్కెత్తిన బోటు డీజిలు మింగుతుంది. ఈ సంగతి వాళ్ళకెందుకు చెప్పడం? రేవు ఇంకా రెండు వందల గజాలుండగానే ఇంజను తగ్గించేసి, బోటును దాని ఊపు మీదే తెచ్చి, టైర్లు కట్టిన గోడకు చప్పుడు కాకుండా ఆనించేవాడు. ఇరవై రెండేళ్ళుగా ఇదే వరస. ఇంట్లో కూర మాడినా నోరెత్తని మనిషి, ఎవడైనా ఇంజను ఊరికే ఆడిస్తూ సిగరెట్టు కాలుస్తుంటే మాత్రం తన రక్తమే కారిపోతున్నట్టు విలవిల్లాడేవాడు.

అలా ఉండగా కొత్త మేనేజరు వచ్చాడు. ఖర్చులు తగ్గించి చూపించాలని ఉవ్విళ్ళూరుతున్నవాడు. డీజిలు పుస్తకం తిరగేసి, ఇతని పన్నెండు దగ్గర వేలు ఆపాడు. సరంగులందర్నీ టికెట్ల గది ముందు నిలబెట్టి, ఇతని భుజం తట్టి, "ఈయన్ని చూసి నేర్చుకోండయ్యా" అన్నాడు. మర్నాడు గోడకు కాగితం అంటించాడు. ఇక మీదట ఏ బోటుకైనా రోజుకు పన్నెండు లీటర్లే. అంతటితో ఊరుకున్నాడా? ఏటా బోట్లను గట్టెక్కించి, అడుగు గీకించి, రంగు వేయించి, ఇంజన్లు విప్పి బాగుచేయించే పనికి కూడా మంగళం పాడాడు. పన్నెండుతో నడిచే బోటుకు వైద్యం దేనికన్నది ఆయనగారి తెలివి.

మిగతా ముగ్గురూ తక్కువపడిన డీజిలు సొంత డబ్బుతో కొని పోసుకున్నారు, దెబ్బ వచ్చి జేబులో అంత లేని బావమరిది మీద పడింది. భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. తల్లి పోతే ఆమే చంకనెత్తుకుని పెంచింది. చుక్కాని పట్టడం నేర్పి, బతిమాలి ఉద్యోగం ఇప్పించింది ఇతనే. కుర్రవాడన్న చులకనతో అప్పట్లో వాడికి అన్నిటికన్నా పాత బోటు అంటగట్టారు. ఇప్పుడు వాడికి ఇద్దరు పిల్లలు, ఆ బోటు అడుగున ఏడాది పైబడిన పాచి. ప్రొపెల్లరు అంచులు ఎలుక కొరికినట్టున్నాయి. ఒకరోజు ఐదో ట్రిప్పులో, జనం నిండా ఉండగా డీజిలు అయిపోయి నడి నీళ్ళలో ఆగిపోయింది. ఇంకో బోటు వెళ్ళి తాడు కట్టి లాక్కొచ్చింది.

"ఆయన పన్నెండుతో నడపగా లేనిది నీకేం రోగం?" అన్నాడు మేనేజరు అందరి ముందూ. "మిగతా డీజిలు ఎక్కడ అమ్ముకుంటున్నావు?"

మర్నాటి నుంచి పనిలోకి రావద్దన్నారు. ఉద్యోగం పోయిందన్న కబురు కన్నా, దొంగట అన్న కబురే ముందుగా వీధి చేరింది.

"మీ పన్నెండు లీటర్లే కదండీ వాడి కొంప ముంచింది" అంది భార్య. "మీరే వెళ్ళి చెప్పండి. మీ మాటయితే వింటాడు."

వెళ్ళాడు. మేనేజరు గదిలోకి పిలవకుండా వెళ్ళడం అదే మొదలు. "తప్పు వాడిది కాదు సార్, బోటుది. అడుగంతా పాచి. ఎవరు నడిపినా పదిహేడుకు తగ్గదు" అన్నాడు.

మేనేజరు "సరే, రేపు ఆ బోటు మీరే తియ్యండి. ఆరు ట్రిప్పులూ వెయ్యండి. పదిహేడు పడితే మీవాణ్ణి రేపే పిలుస్తా, బోటూ గట్టెక్కిస్తా" అన్నాడు.

ఇంతకన్నా సులువైన పని ఉంటుందా? ఏమీ చెయ్యకుండా ఉండడమే. ఉన్న బోటును ఉన్నట్టు నడిపి రావడమే. కబురు విని భార్య మొహం తేటపడింది.

సాయంత్రం బావమరిది రేవుకు వచ్చేసరికి, ఇతను చొక్కా విప్పి పాత బోటు పక్కన నడుం లోతు నీళ్ళలో ఉన్నాడు. చేతిలో రేకు ముక్క.

"బావా, ఏం చేస్తున్నావ్?"

"కాస్త గీకుతాన్రా. మరీ ఇంత పాచితో బోటు తీస్తే నవ్వరూ?"

"గీకొద్దు బావా. అది అలా ఉంటేనే కదా నా మాట నిలబడేది."

"ముందు వైపు ఒక్కటే. చూడ్డానికి అసహ్యంగా ఉంది."

బావమరిది మెట్ల మీద కూర్చుని చూశాడు. ముందు వైపు అయ్యాక పక్కలు మిగిలాయి. పక్కలు అయ్యాక వెనక ఒక్కటీ వదిలేస్తే ఏం బాగుంటుంది? ఆఖరికి ప్రొపెల్లరు అంచులకు ఆకురాయి కూడా పట్టించి గానీ మహానుభావుడు నీళ్ళలోంచి లేవలేదు.

పొద్దున మేనేజరు దగ్గరుండి ఖాళీ ట్యాంకులో ఇరవై లీటర్లు పోయించాడు. మొదటి రెండు ట్రిప్పులూ ఇతను నిజంగానే ప్రయత్నించాడు. పళ్ళ బిగువున థ్రాటిల్ అవసరానికి మించి తోశాడు. ఇంజను గావుకేకలు పెట్టింది, నల్లటి పొగ కక్కింది. ప్రతి కేకకూ అతని చూపు డీజిలు ట్యాంకు మీదికే పోయింది. మూడో ట్రిప్పుకు బయల్దేరుతుంటే గట్టు మీద తోటి సరంగులు వరసగా నిలబడి ఉన్నారు. "లీటరు సరంగు పని అయిపోయిందిరోయ్" అని ఒకడు గట్టిగానే అన్నాడు.

అంతే. థ్రాటిల్ దానంతటదే వెనక్కి వచ్చిందని తర్వాత భార్యతో అన్నాడు గానీ, థ్రాటిల్ దానంతటది రాదు. లాగింది అతనే. పాచి వదిలిన పాత బోటు తేలిగ్గా ముందుకు సాగింది. వెనక కూర్చున్న ఇద్దరు స్థూలకాయుల్ని ఫొటోల ఆశ చూపి ముందుకు రప్పించాడు. గాలి వాటం చూసుకుని మలుపు తిప్పాడు. ఈ ముసలి బోటు ఇంత మాట వింటుందని ఇన్నేళ్ళూ ఎవరికీ తెలియలేదు. ఆరో ట్రిప్పులో మూడు వందల గజాల నుంచి, ఇంజను చప్పుడే లేకుండా తెచ్చి గోడకు ఆనించాడు.

మేనేజరు స్వయంగా కొలకర్ర ముంచాడు. ఏడు లీటర్లు మిగిలాయి.

"పదమూడు! మొదటి రోజే పదమూడు!" అన్నాడు అందరివైపూ తిరిగి. "బోటు నిక్షేపంగా ఉంది. ఇంక దొంగెవడో నేను వేరే చెప్పాలా?"

టికెట్ల గది పక్కన నిలబడ్డ బావమరిది అటునుంచటే వెళ్ళిపోయాడు. బావ మొహం కూడా చూడలేదు.

ఇంటికొచ్చేసరికి భార్య గుమ్మంలోనే ఉంది.

"ఎంత?"

"పదమూడు."

ఆమె అరవలేదు, ఏడవలేదు. "నాలుగు లీటర్లండీ" అంది. "నా తమ్ముడి కోసం నాలుగు లీటర్లు పారబోయలేకపోయారా?"

"చేతులు రాలేదే."

ఆమె లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. అతను గుమ్మంలోనే కూలబడ్డాడు. చెప్పింది అబద్ధం కాదు గానీ, పూర్తి నిజమూ కాదు. మిగతాది చచ్చినా చెప్పలేడు. కొలకర్ర పైకొచ్చినప్పుడు అతనికి బావమరిది గుర్తే లేడు. సంతోషం వేసింది. రేపు దీన్ని పన్నెండుకు దించాలంటే ఏం చెయ్యాలా అని కూడా అక్కడే, ఆ క్షణంలోనే ఆలోచించేశాడు.