బసవమ్మ బోటుకు అందని కరెంటు

సుభానీకి ఒక వింత అలవాటు ఉండేది. ఏ బండి బాగుచెయ్యమని పిలిచినా ముందు బ్యాటరీ వంక చూసేవాడు కాదు. లైటు వెయ్యమనేవాడు, సెల్ఫు కొట్టమనేవాడు, ఆ తర్వాత తీగల మీద చెయ్యి వేసి, పెళ్లిచూపులకొచ్చిన పెద్దమనిషిలా నోరు మెదపకుండా కూర్చునేవాడు. "బరువెయ్యందే ఎద్దు సంగతి తెలవదు" అనేది అతని సిద్ధాంతం. పిలిచినవాళ్లకు ఒళ్లు మండేది. మండితే మండనీ, పని మాత్రం చక్కగా అయ్యేది. పొన్నూరులో ట్రాక్టర్ల బ్యాటరీలకు చార్జింగు పెడుతూ వయసంతా గడిపి, నిజాంపట్నం రేవులోకి ఇంజను బోట్లు వచ్చాక అక్కడే ఒక రేకుల షెడ్డు వేసుకున్నాడు.

ఎనభయ్యారులో బసవమ్మ బోటు మొరాయించింది. ఆమె భర్త ఆదెయ్య అంతకుముందు ఏడాదే పోయాడు. ఆడదానికి బోటెందుకు, అమ్మెయ్యమని బంధువులు తలో మాటా అన్నారు. ఆమె అమ్మలేదు. ఏటా వేటకు వెళ్లేముందు బోటు కడిగి, ముందు కొమ్ముకు పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టడం ఆదెయ్య పని. ఈసారి అది బసవమ్మే చేసింది. భర్త పోయిన మనిషి పసుపు పట్టుకోవడమేమిటని రేవంతా గుసగుసలాడింది. మొహం మీద అనే ధైర్యం ఒక్కరికీ లేదు. చాటున అనడానికి ధైర్యం అక్కర్లేదు కదా!

ఆ వారంలోనే సెల్ఫు తిరగడం మానేసింది. మీట నొక్కితే టక్కుమని చప్పుడు, అంతే. లైట్లు గుడ్డి దీపాలయ్యాయి. బ్యాటరీని సుభానీ షెడ్డుకు మోసుకొచ్చారు. అతను చార్జింగు పెట్టి పంపాడు. బోటులో బిగిస్తే మళ్లీ అదే పాట. ఇంకోసారి మోసుకొచ్చినా ఫలితం లేకపోయింది. అప్పుడు బోటు నడిపే సరంగు బుల్లయ్య తెగేసి చెప్పాడు.

"ఇయ్యాల కూడా ఇంజను పలక్కపోతే నేనూ కళాసీలూ వేరే బోటెక్కుతాం వదినా. నడిసముద్రంలో ఆగిపోతే మా పిల్లల గతేంటి?"

సరంగూ, వలలు లాగే కళాసీలూ లేని బోటును అమ్ముకోవడం తప్ప బసవమ్మకు మరో దారి లేదు. ఆ సంగతి బుల్లయ్యకూ తెలుసు.

ఆ పొద్దున సుభానీ తానే మీటరు తీసుకుని బోటెక్కాడు. బసవమ్మ గట్టు మీదే నిలబడిపోయింది. ఇంజను గదిలో బుల్లయ్య మీట నొక్కుతూ ఉంటే, సుభానీ తీగలు తగిలించే బ్యాటరీ సీసపు కొమ్ముల మీద మీటరు ఆనించి చూశాడు. పన్నెండు ఓల్టులు నిక్కచ్చిగా ఉన్నాయి. సెల్ఫు మోటారు దగ్గర చూశాడు. మీట నొక్కగానే మీటరు ముల్లు కూలబడింది. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని. బ్యాటరీలో కరెంటు ఉంది, మోటారు దాకా రావడం లేదు, దారిలోనే ఎక్కడో ఆగిపోతోంది.

"బ్యాటరీ పోయిందంటావా?" అన్నాడు బుల్లయ్య.

"బ్యాటరీని అనమాక. అదేం పాపం చెయ్యలా."

తీగ పొడుగునా చెయ్యి వేసుకుంటూ వచ్చాడు. చల్లగానే ఉంది. తీగ చివర బ్యాటరీ కొమ్మును పట్టి ఉంచే క్లాంపు దగ్గరికి వచ్చేసరికి వేలు చురుక్కుమంది. బోల్టు వదులు చేసి దాన్ని ఊడదీశాడు. లోపలంతా పచ్చగా పెచ్చు కట్టి ఉంది. గోటితో గీకి వాసన చూశాడు. తుప్పు కాదు, పసుపు. అందులో కుంకుమ కూడా కలిసింది. రెండో క్లాంపులోనూ అదే పెచ్చు. షెడ్డుకు వచ్చినప్పుడల్లా బ్యాటరీ కొమ్ములు తుడిచాడు గాని, క్లాంపులు బోటులోనే ఉండిపోయాయి మరి.

ఈ మాట పైకి అంటే రేవు ఏమంటుందో సుభానీకి తెలుసు. ఆమె చేతి పసుపే ఇంజను నోరు కట్టేసిందంటారు. చప్పుడు చెయ్యకుండా గీకి బిగించేస్తే ఇంజను తిరుగుతుంది, గుసగుసలు మాత్రం ఆగవు. ఏదైతే అదవుతుందని తల బయటికి పెట్టి అడిగాడు.

"అక్కా, పూజనాడు బ్యాటరీక్కూడా పసుపు పెట్టావా?"

"ఇంజను గదిలోకి నేను దిగనేలేదు తమ్ముడూ. ఆయన పోయాక దిగబుద్ధి కాలేదు. ముందు కొమ్ముకు పెట్టి వచ్చేశా" అంది బసవమ్మ.

బుల్లయ్య మెడ వంచుకున్నాడు. అతనే చెప్పాడు.

"మర్నాడు మా ఆవిడ రాఘవమ్మను తీసుకొచ్చా. ముత్తైదువ చేత్తో మళ్లీ పెట్టిస్తే దోషం పోతుందనుకున్నా. తీగలూడదీసి, బ్యాటరీ కొమ్ములు శుభ్రంగా కడిగి, ఎడ్ల కొమ్ములకు పెట్టినట్టు నిండుగా పెట్టించా. ఆ పసుపు మీదే బిగించా."

ఆ మాటలు గట్టు మీదికి వినబడ్డాయి. బసవమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఊరు అన్నదానికంటే ఆమె తన్ను తాను ఎక్కువ తిట్టుకుంది. ఎందుకు పసుపు ముట్టుకున్నానా అని ఆ చేతులు చూసుకుని ఏడ్చిన రోజులున్నాయి. ఇప్పుడు కోపం వచ్చింది, దాని వెనకే ప్రాణం తెరిపిన పడింది.

సుభానీ గరుకు కాగితంతో సీసం మెరిసేదాకా రుద్ది, క్లాంపులు బిగించి, పైన గ్రీజు రాశాడు. మీట నొక్కగానే ఇంజను అందుకుంది. కళాసీలు ఒకరి మొహం ఒకరు చూసుకుని వలలు ఎక్కించడం మొదలుపెట్టారు. పసుపు బోల్టు బిగించాక పైపైన పెట్టుకోండయ్యా, ఎవరూ వద్దనరు అని వాళ్లకు చెప్పి సుభానీ గట్టెక్కాడు.

బుల్లయ్య వచ్చి బసవమ్మ ఎదట నిలబడ్డాడు. ఎలా మొదలుపెట్టాలో తెలియక, "మా ఆవిడ చెయ్యి మంచిది కాదు వదినా" అన్నాడు.

బసవమ్మ అడ్డం పడింది.

"ఆ మాట ఇంటికెళ్లి అనమాక బుల్లయ్యా. ఇన్నాళ్లూ నేను పడింది చాలు, దాన్ని కూడా ఏడిపించకు."